చూరు నీళ్ళు

పదకొండింటికల్లా మూడో ఆనుగోడ దాటేస్తాం అంది తవ్వకం దగ్గరుండి చూడ్డానికొచ్చిన ఆ పిల్ల. ఇప్పుడు పదింపావు, గోడ అవతల పార చప్పుడు ఇంకా రెండో దాని దగ్గరే వినిపిస్తోంది, ఈ ఉత్తరపు గోడ మూడడుగుల మందం, చెకుముకిరాళ్ళూ సున్నమూ, బయటివైపు ఊతానికి వరసగా ఆనుగోడలు, అయినా ఆ చప్పుడు ఆగకుండా వచ్చి ఇత్తడి కొవ్వొత్తి స్తంభం తోముతున్న బెరిల్ థాక్స్‌టర్ మోచేతిలో దిగుతోంది. తోమిన స్తంభాన్నే తోముతోంది. ఈ వారం తోమే వంతు ఆమెది కాదు, పూల వంతూ కాదు, పొద్దున్నే వచ్చి తలుపు తీయమంటే చర్చి పెద్ద మాల్కమ్ ఎందుకని అడగలేదు, డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలమ్మ చర్చిలో ఇత్తడి తోముకుంటానంటే హాస్కర్‌బీ ఊళ్ళో ఎవరూ వద్దనరు, ముసలితనానికున్న ఒక్క సుఖం అది, ఎక్కడ కూర్చున్నా ఎందుకు కూర్చున్నావని అడగరు. ఆమె కూర్చున్నది ఉత్తరపు గోడ పక్కన, వెనకనుంచి మూడో బెంచీ మీద. ఈ గోడకు అవతల, మూడో ఆనుగోడకీ నాలుగో ఆనుగోడకీ నడుమ, చూరు కింద, మోకాలి లోతు మట్టిలో ఆమె కూతురు ఉంది. యాభై ఆరేళ్ళుగా ఉంది. పేరు లేదు, రాయి లేదు, ఏ పుస్తకంలోనూ రాసి లేదు. గోడకు పట్టిన చెమ్మ పోవడానికి దాని వెంట కాలువ తవ్వి గులకరాళ్ళు నింపాలని కమిటీ తీర్మానించిన రోజున బెరిల్ కూడా చెయ్యెత్తింది, ఎత్తకపోతే ఎందుకో చెప్పాలి గదా. అప్పట్నించీ ఆమెకు తిండి సయించడం లేదు.

సోమవారం మొదటి ఆనుగోడ దగ్గర రెండు బయటపడ్డాయి. ఇంతింత ఎముకలు, ఏ పిట్టవో అనుకున్నాడట తవ్వే మనిషి, పార తిప్పి పక్కకు నెట్టబోతే రొవీనా వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. రొవీనా అంటే ఆ పురావస్తు పిల్ల, పాత చర్చి పక్కన పార వెయ్యాలంటే అలాంటి మనిషి ఒకరు దగ్గరుండి చూడాలని రూలు, చేతి మీద పచ్చబొట్టు, మోకాళ్ళ దాకా మట్టి, గట్టిగా ముప్పయ్యేళ్ళుండవు. ఆ సాయంత్రం వెనక గదిలో టీ తాగుతూ చెప్పింది.

"ఏడెనిమిది వందల ఏళ్ళ నాటివండీ. బాప్తిస్మం కాకుండా పోయిన పసివాళ్ళు. చర్చి సమాధుల తోటలో పెట్టనిచ్చేవాళ్ళు కాదు. అందుకని ఎవరికీ తెలియకుండా తెచ్చి చూరు కింద పెట్టుకునేవాళ్ళు. దేవుడి ఇంటి కప్పు మీంచి జారిన వాన నీళ్ళు మీద పడితే బాప్తిస్మం అయినట్టేనని."

"అంటే పాదిరి లేకుండా పని కానిచ్చేశారన్నమాట," అన్నాడు మాల్కమ్ బిస్కెట్టు ముంచుకుంటూ. "మన ఊరోళ్ళు తక్కువ తిన్నారా."

బెరిల్ నవ్వింది, నవ్వాలి కాబట్టి. తర్వాత, అడగకూడదనుకుంటూనే, "కొత్తవేమైనా దొరికితే ఏం చేస్తారమ్మా?" అంది.

"కొత్తవంటే?"

"ఊరికే అడిగాను."

"వందేళ్ళ లోపువైతే పని ఆపేసి పోలీసులకి చెప్పాలండీ," అంది రొవీనా, చెప్పి ఇంకో కప్పు పోసుకుంది.

పోలీసులు. తెల్ల గుడారం వేస్తారు, టీవీలో చూపిస్తారు గదా, తెల్ల గౌన్లు వేసుకుని మోకాళ్ళ మీద కూర్చుంటారు, పిల్లను సంచీలో వేసుకుని పోతారు, ఎవరిదని ఇల్లిల్లూ అడుగుతారు, అప్పుడు తన మొగుడు హెడ్లీ పేరు చెప్పాలి. పోయినవాడి మీద మచ్చ. ఇరవై రెండేళ్ళ వయసులో పట్నం ఆస్పత్రిలో పద్దెనిమిది గంటలు నొప్పులు పడి కన్నది, ఏడుపు వినపడలేదు, ఏదీ ఏదీ అని తల ఎత్తేలోపే నర్సు గుడ్డలో చుట్టి తీసుకుపోయింది, ఆడపిల్ల అని మాత్రం అంది, అది కూడా తలుపు దగ్గర, అవతల ఇంకెవరితోనో అన్నట్టు. చూపించలేదు. చూస్తే మరిచిపోవడం కష్టమట, ఆ రోజుల్లో అదే పద్ధతి, ఇంటికెళ్ళి త్వరగా ఇంకొకరిని కను అని భుజం తట్టారు. పాదిరిగారు మంచివాడే, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు, ఊపిరి తీయని బిడ్డకు బాప్తిస్మం లేదమ్మా, అది మా చేతుల్లో లేదు. మూడో రోజు సాయంత్రం హెడ్లీ వచ్చాడు, టోపీ ఒళ్ళో పెట్టుకుని, ఊళ్ళో సమాధులు తవ్వేది అతనే, గడ్డి కోసేదీ గంట కొట్టేదీ చూరు కాలువలు శుభ్రం చేసేదీ అతనే, అతని తాతా అదే పని చేశాడు. పక్క మంచం ఆవిడకు వినపడకుండా వంగి, "తెచ్చేశానే పిల్లా," అన్నాడు. "దిగులు పెట్టుకోకు. మన దగ్గరే ఉంది." ఆస్పత్రి నౌకరు ఒకడు మంచివాడు దొరికాడట, ఆపిల్ పళ్ళ పెట్టె శుభ్రం చేసి తీసుకెళ్ళాడట, చూరు కింద పెట్టాడట, మూడో దానికీ నాలుగో దానికీ మధ్య. చూరు కిందే ఎందుకో అప్పుడే చెప్పాడు, వాళ్ళ తాత అతనికి చెప్పిందే. బెరిల్ అంత పెద్ద భక్తురాలేమీ కాదు, ఆదివారం ప్రార్థనలో సగం సేపు కూరల గురించే ఆలోచిస్తుంది, కానీ ఆ మాట విన్నాక మూడు రోజుల్లో మొదటిసారి సూప్ తాగింది. దాని రుచి కూడా గుర్తే, ఉల్లిపాయ, మిరియం ఎక్కువ.

చిక్కేమిటంటే చూరు నీళ్ళు ఇప్పుడు చూరు నుంచి పడవు. ఆ పసివాళ్ళ కాలంలో కప్పు మీంచి నీళ్ళు నేరుగా నేల మీద పడేవి. రాణి విక్టోరియా కాలంలో మరమ్మతులు చేసినవాళ్ళు కప్పు అంచున ఇనుప కాలువ బిగించి నీళ్ళన్నీ మూలనున్న గొట్టంలోకి మళ్ళించారు. చూరు కింద నేల పొడి. హెడ్లీకి అది ముందే తెలుసు, ఆ మార్చిలో మంచు కరిగాక ఆమెను తీసుకెళ్ళి ఇక్కడే అని చూపించి, తలెత్తి పైకి చూసి, ఇంటికెళ్ళి నిచ్చెన తెచ్చాడు. సరిగ్గా ఆ రెండు ఆనుగోడల నడుమ కాలువ అతుకు సడలించాడు. నిచ్చెన అడుగున పట్టుకున్నది బెరిలే. ఆ ఏటినుంచి ప్రతి నవంబరులో, ఆకులు తీసేటప్పుడు, తక్కిన కాలువంతా అద్దంలా తుడిచి ఆ ఒక్క అతుకూ మళ్ళీ సడలించేవాడు, ఆమె పట్టుకునేది, ఒక్క మాట మాట్లాడుకునేవాళ్ళు కాదు. వాన వస్తే చాలు, బెరిల్ మనసు చల్లబడేది. ఊళ్ళో అందరూ ఎండ కోసం చూస్తే ఆమె వాన కోసం చూసేది. ఐదేళ్ళకోసారి వచ్చే ఆర్కిటెక్టు ఆ అతుకు చూపించి కోప్పడేవాడు, హెడ్లీ అతని ఎదుటే నిచ్చెనెక్కి బిగించేవాడు, అతని కారు మలుపు తిరిగేదాకా ఆగి మళ్ళీ సడలించేవాడు. ఆ పూట మాత్రం ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు, దొంగల్లా.

దొంగతనమే మరి. తలెత్తితే ఈ ఉత్తరపు గోడ మీదే అది కనిపిస్తోంది, దక్షిణపు వాకిలికి ఎదురుగా, లోపలికి అడుగుపెట్టినవాళ్ళకు మొదట కనపడేట్టు వేసిన బొమ్మ, నిలువెత్తు సెయింట్ క్రిస్టఫర్, భుజాన పసివాడైన ప్రభువును పెట్టుకుని ఏరు దాటుతున్నవాడు. పొద్దున్నే ఆయన్ని చూసినవాడికి ఆ రోజు చావు రాదని అప్పటివాళ్ళ నమ్మకం, పొలానికి పోతూ తలుపు తీసి ఒక చూపు చూసి పోయేవాళ్ళట. తర్వాత బొమ్మలు పాపమని ఏదో రాజుగారి ఆజ్ఞ వచ్చి సున్నం కొట్టేశారు, మూడు వందల ఏళ్ళు సున్నం కింద ఉన్నాడు, బయటికి తీస్తే రంగు చెక్కుచెదరలేదు. అంతటివాడు హెడ్లీ అతుకు ముందు నిలవలేకపోయాడు. బెరిల్ ఈ ఊరికి కోడలుగా వచ్చినప్పుడు ఆయన కాళ్ళ చుట్టూ చేపలుండేవి, ఒక ఎండ్రకాయ, అద్దం చూసుకునే జలకన్య ఒకతె, పిల్లలు ఆదివారం బడి ఎగ్గొట్టి దాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళు. చెమ్మ కిందనుంచి పైకి వచ్చింది. మొదట జలకన్య పోయింది, ఆ తర్వాత చేపలు, తర్వాత ఆయన పాదాలు, పిక్కలు, మోకాళ్ళు. శనివారం శనివారం గోడకు పట్టిన పాచి మెత్తటి బ్రష్షుతో తీసేది బెరిలే, బ్రష్షుకు ఎర్రరంగు పొడి అంటుకుని వచ్చేది, ఆరు వందల ఏళ్ళ కిందట ఎవడో చెయ్యి తిరిగినవాడు వేసిన రంగు, దాన్ని తోటలో దులిపి ఇంటికి పోయేది. సిగ్గేసేది. అయినా అతుకు బిగించమని ఒక్కనాడూ అనలేదు. ఇప్పుడు నడుము పైన మాత్రం మిగిలాడు, భుజం మీద పిల్లవాడు మిగిలాడు.

హెడ్లీకి ఈ రాళ్ళంటే ప్రాణం, అదే అసలు సంగతి. ఈ రెండు స్తంభాలు గుండ్రం, ఆ రెండు ఎనిమిది పలకలు, ఎందుకో తెలుసా అని పెళ్ళికి ముందే అడిగాడు, చేతిలో చెయ్యి వెయ్యడానికి బదులు స్తంభం మీద ఆమె చెయ్యి వేయించిన మనిషి. బలిపీఠం ముందున్న కమాను చూపించాడు, ఎడమ పక్క ద్రాక్షతీగలు, ఆకు ఆకుకీ ఈనెలు, కుడి పక్కకు వచ్చేసరికి ఉత్త గీతలు, చెయ్యి రాని మనిషి గీకినట్టు. మహమ్మారి వచ్చిన ఏడు, ఊరు సగం పోయింది, శిల్పీ పోయాడు, మిగిలినవాడెవడో వచ్చినంతవరకు పూర్తి చేశాడు. "చూడు, వదిలేసి పోలేదు," అనేవాడు, కుడి పక్కే ఇష్టం అతనికి. అలాంటివాడు తన చేతుల్తో ఈ గోడను తినేశాడంటే ఎంత కష్టపడి ఉండాలి, ఎంత ప్రేముంటే చేస్తాడు. ఆ ఒక్కదానికే బెరిల్ అతని కోపాలన్నీ మన్నించింది, మాటలు తక్కువై పోయిన ఏళ్ళు మన్నించింది, ఇంకో బిడ్డ నిలవకపోవడమూ ఇద్దరూ మన్నించుకున్నారు. ఆరేళ్ళ కిందట అతను పోతే ఆమె ఏడవలేదు, ఊళ్ళో చెవులు కొరుక్కున్నారు కూడా, పిల్ల దగ్గరికి వెళ్ళాడు గదా ఏడవడమెందుకు అనుకుంది, పేటికకు ఎదురుగా నిలబడి దాదాపు కుళ్ళుకుంది. ఆ వెంటనే మాల్కమ్ కొత్త ఉత్సాహంతో అతుకు బిగించి సీసం పోయించాడు. ఆరేళ్ళుగా అక్కడ పొడి. బలిపీఠం మీది పూలు వాడిపోతే కూజాల్లో నీళ్ళు బెరిల్ తనే తీసుకెళ్ళి ఆ చోట పోసి వస్తోంది, ఎవరైనా చూస్తే గడ్డికి అంటుంది.

పార ఆగింది.

ఆగి, ఇంకో చప్పుడు మొదలైంది, చిన్న తాపీతో గీరే చప్పుడు, ఏదో కనపడితేనే ఆ పిల్ల తాపీ తీస్తుంది. బెరిల్ స్తంభం కింద పెట్టింది. లేచి వెళ్ళి చెప్పేస్తే, అమ్మా ఆగు, అది నాది అని చెప్పేస్తే, కనీసం పరాయి చేతులు తాకకుండా తనే తీసుకోవచ్చు, ఎప్పుడూ చూడలేదు గదా, ఇప్పుడైనా చూడొచ్చు. ఆ ఆలోచన ఇంత దాకా ఎప్పుడూ రాలేదు. చూడ్డం. ఏం మిగిలి ఉంటుంది, పెట్టె కొయ్య పోయి ఉంటుంది, మేకులుంటాయి, హెడ్లీ మేకులు ఎప్పుడూ ఎక్కువే కొడతాడు. నేల గట్టిది, పసుపు బంకమట్టి, ఎండాకాలం తవ్వినా తిట్టుకుంటూ వచ్చేవాడు, ఇక ఆ ఏడు చలికాలమైతే. ఆ చలికాలం క్రిస్మస్ మర్నాడు పడిన మంచు మార్చి దాకా లేవలేదు, చెరువు మీద లారీ నడిపారు, పికాసు వేస్తే నిప్పురవ్వలు లేచేవి, ముగ్గురు పోయినవాళ్ళు గంటల గోపురం కింద పేటికల్లో వరసగా ఎదురుచూశారు, లార్టర్ ముసలావిడ పంతొమ్మిది రోజులు. నా వల్ల కాదని హెడ్లీ చేతులెత్తేశాడు, చేతులు చూపించాడు, బొబ్బలు. చివరికి పట్నం నుంచి డ్రిల్లింగు యంత్రం తెప్పించి రోడ్డు పగలగొట్టినట్టు పగలగొట్టారు. అది ఫిబ్రవరి ఆఖరు. పిల్ల పుట్టింది ఫిబ్రవరి ఆరున.

బొగ్గుల కుంపటి పెట్టి రెండు రోజులు నేల కాల్చానన్నాడు. అడక్కుండానే చెప్పాడు. చిన్న గుంటే గదా, చాలదూ అనుకుంది. మరి లార్టర్ ముసలావిడ కోసం ఎందుకు కాల్చలేదు, పెద్ద గుంటకు బొగ్గు చాలదు, ఆ ఏడు బొగ్గుకు కరువు, ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎప్పుడు తలెత్తినా ఆమె దగ్గర జవాబు తయారుగా ఉంది. పదో రోజున ఆస్పత్రి నుంచి వస్తూ బస్సు దిగి ఉత్తరం వైపు చూసింది, కిటికీల దాకా మంచు, తెల్లగా, ఒక్క అడుగు గుర్తు లేదు, ఒక్క నల్ల మరక లేదు. మళ్ళీ పడి ఉంటుంది అనుకుంది. ఆ వారం మంచు పడలేదు, ఆస్పత్రి కిటికీలోంచి రోజూ ఆకాశమే చూస్తూ పడుకుంది, నీలంగా ఉండేది, ఆమెకు బాగా తెలుసు. ఎంత బాగా తెలుసో ఇప్పుడు ఇత్తడి వాసన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే తెలుస్తోంది. దేవుడా, అక్కడ ఉండాలి. పోలీసులు రానీ, గుడారం వెయ్యనీ, ఊరంతా వచ్చి చూడనీ, పేపర్లో పడనీ. ఉంటే చాలు.

వాకిలి తెరుచుకుంది. రొవీనా బూట్లు గుమ్మం దగ్గరే విడిచి మేజోళ్ళతో లోపలికి వచ్చింది, వెనక మాల్కమ్.

"అయిపోయిందండీ మిసెస్ థాక్స్‌టర్," అంది. "మూడూ నాలుగూ మధ్య అంతా చూసేశాం. ఏమీ లేదు."

"ఏదో గీరుతున్నావు."

"రాయే. ఎముక రంగులో ఉంటే అనుమానమొచ్చి చూశాను. కింద పసుపు బంక కదలకుండా ఉంది, చర్చి కట్టకముందు ఎలా ఉందో అలాగే. ఆ చోట ఎవరూ ఎప్పుడూ పార పెట్టలేదు."

"చెయ్యి తిరిగినవాడు తవ్వితే?" అంది బెరిల్. "మట్టి వరస తప్పకుండా తీసి, మళ్ళీ అలాగే నింపి, పైన గడ్డి పరిస్తే?"

"ఎంతటివాడైనా కుదరదండీ. ఒకసారి తవ్విన మట్టి మళ్ళీ అలా కూర్చోదు. వెయ్యేళ్ళయినా తెలిసిపోతుంది, మా పనే అది." రొవీనా జుట్టు వెనక్కి తోసుకుంది. "పైన మాత్రం వింతగా ఉంది. నీళ్ళు పడి పడి జానెడు గుంట పడింది, ఆ ఒక్కచోటే."

"హెడ్లీ గారి ఘనకార్యం," అన్నాడు మాల్కమ్. "యాభై ఏళ్ళు ఆ అతుకు బాగు చెయ్యలేకపోయాడు మహానుభావుడు. ఏమనుకోకండి మిసెస్ థాక్స్‌టర్. పని ఆగదు, అది సంతోషం." ఆ మాట తవ్వేవాళ్ళకు చెప్పడానికి బయటికి వెళ్ళిపోయాడు.

యాభై నవంబర్లు. ఏమీ లేని మట్టి మీద పడడానికి ఆయన యాభైసార్లు నిచ్చెనెక్కి వాన నీళ్ళు సర్దాడు, మోకాళ్ళు పోయాక కూడా ఎక్కాడు, కింద నిచ్చెన పట్టుకుని ఆమె చూస్తోంది కాబట్టి ఎక్కాడు. తనకు ప్రాణమైన గోడను ఏటేటా కొంచెం కొంచెంగా చంపుకుంటూ, దిగి వచ్చి చేతులు తుడుచుకుని, టీ పెట్టమనేవాడు. వాన పడిన రోజున ఆమె ముఖం చూసి తల తిప్పుకునేవాడు, అది మగవాడి సిగ్గు అనుకుంది.

రొవీనా వెళ్ళబోతూ ఆగింది, ముసలావిడ ముఖం చూసి.

"ఒంట్లో బాగాలేదా అండీ?"

"ఒక్క సంగతి చెప్పు," అంది బెరిల్. "అరవై మూడులో ఆస్పత్రిలో ఊపిరి లేకుండా పుట్టిన పిల్లల్ని ఏం చేసేవాళ్ళు?"

రొవీనా వచ్చి బెంచీ మీద పక్కన కూర్చుంది.

"చాలాచోట్ల తల్లిదండ్రులకి ఇచ్చేవాళ్ళు కాదండీ. ఆ వారం పోయిన ఎవరో పెద్దవాళ్ళ పెట్టెలో కాళ్ళ దగ్గర పెట్టి పంపేవాళ్ళు. లేకపోతే పట్నం సమాధుల తోటలో ఒక మూల, అందరినీ కలిపి. రిజిస్టర్లుంటాయి, అడిగితే వెతుకుతారు. ఎవరి కోసం?"

"మా అమ్మాయి."

నోటివెంట ఆ మాట బయటి మనిషితో రావడం ఇదే మొదటిసారి, ఎంత మామూలుగా వచ్చిందో. రొవీనా ఆమె చెయ్యి తీసుకుంది, ఇత్తడి మరకల చెయ్యీ మట్టి చెయ్యీ.

"ఇక్కడ ఉందని చెప్పారా మీకు?"

"మా ఆయన చెప్పాడు."

"పాపం," అంది రొవీనా మెల్లగా, ఓదార్చాలని. "ఆస్పత్రివాళ్ళు ఆయనకీ అబద్ధం చెప్పి ఉంటారు. ఖాళీ పెట్టె ఏదో మూత వేసి ఇచ్చి ఉంటారు. ఆయనకి మాత్రం ఏం తెలుస్తుంది."

"పెట్టే లేదు గదమ్మా అక్కడ," అంది బెరిల్. "ఆయనకి తెలుసు. ఆ రోజు వచ్చి నా మంచం పక్కన కూర్చున్నప్పుడే తెలుసు. నన్ను సూప్ తాగమన్నాడు."

అప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది. పిల్ల కోసం ఏడవాల్సినదంతా ఆమె ఎన్నడో ఏడ్చేసింది. హెడ్లీ కోసం ఏడవడం ఇదే మొదలు.